తేలిక డబ్బా

మా వైపు ఒక్కరే వెళ్ళి వస్తువు కొనుక్కొస్తే ఆ మనిషి మోసపోయినట్టే లెక్క. గేదె కొనాలన్నా, ట్రాక్టరు కొనాలన్నా, చివరికి ఇంట్లోకి ఫ్రిజ్ కొనాలన్నా తెలిసిన మనిషిని ఒకణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాలి. ఆ తెలిసిన మనిషికి ఏం తెలుసో ఎవరూ అడగరు. పోయినసారి ఎవరో కొంటున్నప్పుడు పక్కన నిలబడ్డాడు, ఆ అర్హత చాలు. నేను కంప్యూటరు కొంటానన్నప్పుడు మా ఇంట్లో వచ్చిన మొదటి ప్రశ్న అది దేనికని కాదు, వెంట ఎవరు వెళతారని.

దేనికో నేనే చెప్పాను. కట్టని ఇంటిని కట్టేసినట్టు బొమ్మ చేసి చూపించడం నా పని. సోఫా ఎక్కడ, దాని మీద ఎండ ఎటు నుంచి పడుతుంది, వంటింటి అరలు ఏ రంగు, అన్నీ ఫొటో తీసినట్టు కనపడాలి. పెళ్ళయి ప్రత్తిపాడు దగ్గరున్న ఈ ఊరికి వచ్చాక ఆ పని మానేశాను. హైదరాబాదులో నేను చేసిన ఆఫీసువాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. ఒక అపార్టుమెంటు పని ఇస్తామని, చెప్పిన రోజుకి ఇస్తే ఇక నెలనెలా ఇంటికే పంపుతామని అన్నారు. నా పాత ల్యాప్‌టాప్ ఒక గది బొమ్మకి పూట తీసుకునేది. ఇంట్లో ఇంతవరకే చెప్పాను. లారీలు తోలే ఆట ఒకటి ఉందని, దాని మీద నాకు చచ్చేంత మోజని చెప్పలేదు. చిలకలూరిపేట రోడ్డు మీద రోజంతా లారీలు చూసే మనిషి కంప్యూటరు కొని మరీ లారీ తోలుతుందంటే మా అత్తయ్య నన్ను డాక్టరుకి చూపించేది.

నాలుగు నెలలు చదివాను. ఏ ప్రాసెసర్ ఏ మదర్‌బోర్డులో కూర్చుంటుంది, ర్యామ్ ఎంత ఉండాలి, ఏ గ్రాఫిక్స్ కార్డు నా బొమ్మలనీ నా లారీలనీ రెంటినీ మోస్తుంది, అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. పెళ్ళిచూపులకి వచ్చిన మనిషి గురించి కూడా ఇంత విచారించలేదు. వీడియోలు చూశాను. ప్రతి వీడియోలోనూ ఒకడు పోయిన వారం మెచ్చుకున్నదాన్నే ఈ వారం చెత్త అంటాడు, రెండుసార్లూ అదే ధీమా. గేమింగ్ అన్న మాట తగిలిస్తే చాలు, మామూలు కుర్చీ కూడా రేటు పెరిగిపోతుంది. మౌసుకి లైట్లు, ఫ్యాన్లకి లైట్లు, మూత తీస్తే తప్ప కనపడని ర్యామ్‌కి కూడా లైట్లు. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభలకి లైట్లు కడతారంటే దేవుడి కోసం. ఇవి ఎవరి కోసమో నాకు అర్థం కాలేదు.

మా ఆయనకి మిరప కోతలు. అందుకని నా వెంట పంపిన తెలిసిన మనిషి మా చిన్నమామగారు. మామగారు పోయాక ఇంటికి పెద్ద ఆయనే. ఆయనకి తెలిసింది బోరు మోటార్లు. ఈ చుట్టుపక్కల ఎవరి మోటారు కాలినా ఆయన్ని పిలుస్తారు, ఎవరు కొత్తది కొన్నా ఆయన్ని తీసుకెళతారు. ఆయన పరీక్ష ఒకటే. మోటారుని రెండు చేతులతో లేపి చూస్తారు. బరువుగా ఉంటే లోపల రాగి ఉందని, తేలిగ్గా ఉంటే కంపెనీవాడు మింగాడని. ముప్పై ఏళ్ళుగా ఈ పరీక్షతోనే ఆయన ఊరికి పెద్దమనిషి. నాకు నవ్వొచ్చేది.

గుంటూరులో షాపువాడు నా వైపు చూడలేదు. "సార్, ఏ పనికండీ?" అని ఆయన్ని అడిగాడు. ఆయన నన్ను చూపించి, "అమ్మాయి చెబుతుందయ్యా, రాసుకో," అన్నారు. నేను నోటుపుస్తకం తీసి గడగడా చదివాను. అప్పటికి షాపువాడి గొంతు మారింది. మేడమ్‌కి అన్నీ తెలుసు అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను పొంగిపోయానని ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను.

ఈలోగా చిన్నమామగారు షాపులో ఉన్నవన్నీ లేపి చూస్తున్నారు. గ్రాఫిక్స్ కార్డు అట్టపెట్టె లేపారు, పరవాలేదన్నారు. కీబోర్డు లేపారు. చివరికి ఎస్ఎంపీఎస్‌ల దగ్గరికి వచ్చారు. గోడలోని కరెంటుని కంప్యూటరుకి పనికొచ్చేట్టు మార్చి పంచే ఇనప డబ్బా అది. నా నాలుగు నెలల చదువులో దానికి దక్కింది ఒక్క సాయంత్రం. దాన్లో చూడ్డానికి ఏముంది కనక. మీద రాసిన వాట్లు నాకు సరిపోయాయి, రేటు తక్కువ, మిగిలిన డబ్బుతో ఇంకాస్త పెద్ద గ్రాఫిక్స్ కార్డూ, కంప్యూటరు భాగాలన్నీ బిగించడానికి, నేను ఇంతసేపూ తిట్టిన ఆ లైట్లున్న అద్దాల పెట్టె కూడా వస్తాయి. అవును, నేనూ కొన్నాను.

ఆయన నేను ఎంచిన డబ్బాని ఒక చేత్తో, పక్కనున్న ఇంకో కంపెనీది ఇంకో చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డారు.

"అమ్మాయ్, ఇది తేలిగ్గా ఉంది. ఇందులో సరుకు లేదు. అది తీసుకో."

"రెండింటి మీదా ఒకటే వాట్లు రాసుందండీ మామయ్యగారూ."

"రాతకేముందమ్మా. మన కరెంటు సంగతి నీకు తెలవదా? చేలో మోటార్లు లేచినప్పుడు ఇంట్లో ఫ్యాను ఎట్టా తిరుగుద్దో చూశావుగా."

"ఇది బోరు మోటారు కాదు మామయ్యగారూ," అన్నాను. షాపువాడు ఫక్కున నవ్వాడు. నేనూ వాడితో కలిసి నవ్వాను. ఆయన రెండు డబ్బాలనీ జాగ్రత్తగా కింద పెట్టి, కండువాతో చేతులు తుడుచుకుని, బయటికెళ్ళి అరుగు మీద కూర్చున్నారు. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు అద్దాల పెట్టెని ఒళ్ళో పెట్టుకుని మోసింది ఆయనే.

పది రోజులు కంప్యూటరు ఇంద్రభవనంలా వెలిగింది. ఊళ్ళో ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చారు. ఒకావిడ లైట్లు చూసి, దేవుడి గదిలో పెట్టుకోవచ్చుగా అంది. అపార్టుమెంటు బొమ్మలన్నీ తయారయ్యాయి. ఇక పెద్ద బొమ్మలుగా తీసి పంపడమే మిగిలింది, గడువు ఆ సాయంత్రమే. పొద్దున తొమ్మిదింటికి మొదలెట్టాను. చేలకి మూడు ఫేజుల కరెంటు ఇచ్చే వేళ అదే. మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయని ఈ ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు. నాకూ తెలుసు. పైన ఫ్యాను నెమ్మదించడం చూశాను కూడా. తర్వాత టప్పుమని చప్పుడయింది, లైట్లన్నీ ఆరిపోయాయి.

వరండాలో చిన్నమామగారూ అత్తయ్యా మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. వాసన పట్టి ముందు వచ్చింది ఆయనే. కాలిన వాసన ఆయనకి కొత్త కాదు. వంగి డబ్బా వెనక ముక్కు పెట్టి చూసి, నా మొహం చూసి, గోడకున్న స్విచ్చి ఆపేశారు. మా ఆయన చేలోంచి అప్పుడే వచ్చాడు.

"నాలుగు నెలలు చూసి కొన్నది ఇదా?" అన్నాడు.

అత్తయ్య ఒక్క మాటలో తేల్చేసింది. "కాలిందేదో కాలింది. ఆ ఆఫీసోళ్ళకి చేయలేనని చెప్పెయ్. ఇంట్లో పని లేకనా."

పోయేది కంప్యూటరు కాదు, ఆ పని. ఈసారి పోతే మళ్ళీ రాదని నాకు తెలుసు. ఏడుపు ఆపుకుంటూ ఆరిపోయిన కంప్యూటరు మీట ఊరికే నొక్కుతున్నాను.

"పిల్లనేమీ అనమాక వదినా," అన్నారు చిన్నమామగారు. "కాలిన డబ్బా నేను ఎంచిందే. ఇంకోటి తీసుకుంటానంటే నేనే ఇది తీసుకోమన్నా. నాకేం తెలుసు ఈ మిషన్ల సంగతి."

మా ఆయన విసుక్కున్నాడు. "నీకెందుకు బాబాయ్ ఇవన్నీ," అన్నాడు. అత్తయ్య తాలుకాయల దగ్గరికి వెళ్ళిపోయింది. అంతటితో కోపం నా మీద నుంచి ఆయన మీదకి దిగిపోయింది. కాదు, ఆయన వద్దన్నారు, నేనే నవ్వాను అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నేను చెప్పలేదు.

ఆయన అప్పటికప్పుడు చొక్కా తొడుక్కుని గుంటూరు బస్సెక్కారు. మధ్యాహ్నానికి డబ్బా తెచ్చారు. పట్టుకుంటే నా మణికట్టు వంగింది. తక్కిన భాగాలేవీ పోలేదు. ఆఫీసువాళ్ళని ఒక్క రోజు అడిగాను, ఇచ్చారు. అప్పటినుంచి నెలనెలా పని వస్తోంది. తీరిక దొరికితే లారీ తోలుతున్నాను. మా అత్తయ్యకి అదీ ఆఫీసు పనే.

మొన్న ఎదురింటాయన కొత్త మోటారు కొనడానికి బయలుదేరుతూ మా వాకిట్లోకి వచ్చాడు. చిన్నమామగారు వరండాలోనే ఉన్నారు. కండువా సర్దుకుని లేవబోయారు. ఎదురింటాయన మా ఆయనతో, "నువ్వు రారా. మీ బాబాయి వద్దులే, కంప్యూటరుకి పట్టిన గతి పట్టిద్ది," అని నవ్వాడు. మా ఆయన కూడా నవ్వి చెప్పులేసుకున్నాడు. చిన్నమామగారు మళ్ళీ కూర్చుని మిరపకాయలు ముందుకి లాక్కున్నారు.

నేను కిటికీలోంచి అంతా విన్నాను. గడప దాకా వచ్చాను కూడా. ఆ రోజు షాపులో నవ్వడానికి నాకు క్షణం పట్టలేదు. ఇక్కడ నాలుగు ముక్కలు చెప్పడానికి నోరు రాలేదు. లోపలికొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

మనుషుల్ని ఎగతాళి చేయడం నాకు బాగా వచ్చు, మొదటి నుంచీ ఇందులో చేస్తున్నది అదే. చిన్నమామగారికి చదవడం రాదు. అది తెలిసే ఇదంతా ఇక్కడ రాశాను.