పసుప్పచ్చ గొడుగు పిల్ల ఎవరు?

గనులు మూతపడ్డాక మా ఊళ్ళో తవ్వడానికి మిగిలినవి జ్ఞాపకాలే. వాటి లోతు కొలిచేవాడు లేడు కాబట్టి ఎవరు ఎంత తవ్వానంటే అంత. అవి కొనుక్కుపోవడానికి బెంగళూరు నుంచి కెమెరాలతో వస్తుంటారు. ముందు బంగారం తీసి పారబోసిన మట్టి గుట్ట, సయనైడ్ దిబ్బ, ఎక్కుతారు. తర్వాత తుప్పు పట్టిన షాఫ్టు ఇనుప గోపురం కింద నిలబడి గొంతు బరువు చేసుకుంటారు. చివరికి మా లైన్లలో, అంటే గని కార్మికుల వరస ఇళ్ళలో, ఒక ముసలాయన్ను పట్టుకుని ఏడిపిస్తారు. ఈ మూడూ ఈ వరసలో కాకుండా జరగడం నేను చూడలేదు.

పోయిన ఏడాది వచ్చినాయన మాత్రం ఒక పాట కోసం వచ్చాడు.

ఎనభైల్లో మా లైన్లను ఊపేసిన పాట అది. కట్టి పాడినాయన పగలు గనిలో దీపాల గదిలో టోపీ లైట్లు అందించేవాడు, సాయంత్రం కీబోర్డు వాయిస్తూ ఆర్కెస్ట్రా నడిపేవాడు. పాటలో సగం తెలుగు, పావు వంతు అరవం, మిగతాది ఆయన ఇంగ్లీషు అనుకున్నది. క్యాసెట్టు వచ్చాక పెళ్ళికీ అదే, క్రిస్మస్‌కూ అదే, వినాయకుణ్ణి నీళ్ళలో కలిపేటప్పుడూ అదే. సంగతి ఇంతే: షిఫ్టు మారే రెండు గంటల సైరన్ కూసే వేళ ఒక పిల్ల బేతమంగళ బస్సు దిగి, పసుప్పచ్చ గొడుగు విప్పుకుని, వెనక్కి చూడకుండా పోతుంది. నాలుగు నిమిషాల పదకొండు సెకన్ల సేపు పోతూనే ఉంటుంది. ఎక్కడికీ చేరదు.

చేరకపోవడం వల్ల దానికి అర్థాలు ఎక్కువయ్యాయి. యూనియన్‌లో ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషి ఆ గొడుగు కార్మికుల ఐక్యత అన్నాడు. ప్రార్థన మందిరంలో దేవుడి కృప అన్నారు. ఒక ఎన్నికలో ఒకాయన పిల్లను తీసేసి తన పేరు పెట్టి పాడించుకున్నాడు. గెలిచాక ఆయన కూడా వెనక్కి చూడకుండానే పోయాడు. పాట కట్టినాయన అందరికంటే తెలివైనవాడు. ఏ పెళ్ళిలో పాడితే ఆ పెళ్ళికూతుర్ని చూపించి "ఈయమ్మను చూసే ఈ పాట పుట్టింది" అనేవాడు. నేను వెళ్ళిన పెళ్ళిళ్ళలోనే అలాంటివాళ్ళు తొమ్మిది మంది. ఆయన ఇప్పుడు లేడు, అడగడానికి.

అయినా లైన్లలో జనం ఎప్పుడో తేల్చేశారు: ఆ పిల్ల మా అక్క. కుట్టు క్లాసు నుంచి బేతమంగళ బస్సులోనే వచ్చేది. అందరివీ నల్ల గొడుగులైన ఊళ్ళో పసుప్పచ్చ గొడుగు ఆమెకే ఉండేది. నలభై ఏళ్ళుగా ఆమె పేరు గొడుగమ్మ. బావ కూడా బతికినన్నాళ్ళూ "పాటలో పిల్లను చేసుకున్నా" అని మీసం దువ్వేవాడు. ఆయన పోయాక అక్క నా దగ్గరే ఉంటోంది. ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్ళు ఆమె షుగరు గురించో మోకాళ్ళ గురించో అడుగుతారు. పాట గురించి అడిగితేనే ఆమె వీపు నిటారుగా అవుతుంది.

కెమెరా ఆయన వచ్చిన పొద్దున అక్క పట్టుచీర కట్టుకుంది. నేను టీ గ్లాసుతో గుమ్మం పక్కన కూర్చున్నాను.

"చెప్పమ్మా, ఆ పొద్దు వాన పడతా ఉండిందా?"

"వాన కాదప్పా, తుంపర. రెండు గంటల సైరన్ కూసింది. నేను బస్సు దిగితిని. గొడుగు విప్పితిని. ఆయప్ప దీపాల గది కాడ నిలబడి చూస్తానే ఉండాడు."

నా గురించి ఒక మాట చెప్పాలి. నేను పది తప్పినవాణ్ణి. లెక్కల్లో కాదు, కన్నడంలో. ఆ తర్వాత లెక్క అనేది నాకు నేనే నేర్చుకున్నాను. గనిలో ఏ పండక్కి ఎవరికి ఏ షిఫ్టు పడుతుందో ఆరు నెలల ముందే చెప్పేవాణ్ణి. అలాంటివాడి ముందు రెండు గంటలు అనకూడదు.

"అక్కా, నీ బస్సు వచ్చేది ఐదుంబావుకు కదా," అన్నాను.

"ఆ పొద్దు ముందే వచ్చినాను."

"దీపాల గది కాడ్నించి బస్టాండు కనపడదు. నడాన మిల్లు గోడ ఉండాది."

"నీకు కనపడదు. ఆయప్పకు కనపడింది."

"సార్, మీ గొంతు రికార్డవుతా ఉంది," అన్నాడు కెమెరా ఆయన.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. "క్యాసెట్టు వచ్చినప్పుడు నేను తొమ్మిదిలో ఉండాను. ముళబాగిలు సంతలో నువ్వు గొడుగు కొన్నప్పుడు పది తప్పి ఏడుస్తా ఉండాను, నన్నూ పిలుచుకొని పోతివి. అంటే పాట వచ్చిన ఏడాదికి గొడుగు వచ్చింది. గొడుక్కు కమ్మీలు ఎనిమిది," అన్నాను.

అక్క నా వైపు చూసింది. నేను కమ్మీలు కూడా చెప్పి ఉండాల్సింది కాదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని కెమెరా వైపు తిరిగింది.

"అవునప్పా. పాట ఇన్నాకే కొన్నాను. ఏం? ఆ బస్సులో ఇరవై మంది ఆడపిల్లోళ్ళు దిగతా ఉండిరి. అందరూ ఆ పాట ఇన్నోళ్ళే. నల్లవన్నీ పక్కకు తోసి పసుప్పచ్చది ఏరుకునింది నేనొక్కదాన్నే. ఆయప్ప ఉత్త పాట కట్టినాడు. ఆ పిల్ల రోడ్డు మింద నడిచిందంటే నా వల్లనే."

ఆ లెక్కలో నాకు తప్పు దొరకలేదు. కెమెరా ఆయనకు మాత్రం నచ్చలేదు.

"అది సరేమ్మా, జనాలకు లవ్ కావాల. ఆయన మిమ్మల్ని ప్రేమించినాడని ఒక్క మాట..."

"ఆయప్పా? నిలబడితే నా బుజానికి వస్తా ఉండె!"

ఆయన కెమెరా మూసేశాడు. రెండు లైన్ల అవతల ఇంకొకామె దొరికిందట. ఆ వీడియో మా ఊరి జనం కంటే ఎక్కువమంది చూశారు. ఆమె రెండు గంటల సైరన్ అంది, తుంపర అంది, దీపాల గది అంది, సరిగ్గా ఏడవాల్సిన చోట ఏడ్చింది. వెనకాల వయొలిన్. చివర్లో సయనైడ్ దిబ్బ మీద సూర్యుడు అస్తమించాడు.

"దానికి గొడుగే లేదురా, తలకు సంచి కప్పుకొని వస్తా ఉండె," అంది అక్క. తర్వాత తొమ్మిది పూటలు నాతో మాట్లాడలేదు. పదో పూట నా అన్నం కంచం ముందర ఫోన్ పెట్టింది.

"నీ వల్లనే కదా పోయింది. ఆ వీడియో కింద రాయి. నేను చెప్పిందే రాయి, నీ కమ్మీలు కలపొద్దు."

రాశాను. పాట విని పసుప్పచ్చ గొడుగు కొన్నది ఆ బస్సు మొత్తానికి తానొక్కతేనని, కావాలంటే లైన్లలో అడగమని.

జవాబులు వచ్చాయి. అదే బస్సులో దిగే ఒకామె తానూ కొన్నానని, వాళ్ళ నాన్న దాన్ని బావిలో పారేశాడని రాసింది. బేతమంగళ ఆమె తన పెళ్ళికి అడిగి మరీ కొనిపించుకుందట. ఆవని ఊరామెకు పసుప్పచ్చది దొరక్క తెల్ల గొడుగుకు రంగు అద్దుకుంటే, మొదటి వానకే జాకెట్టంతా పచ్చనైందట. నిన్నటికి మొత్తం ఐదుగురు.

అక్కకు ఫోన్లో చిన్న అక్షరాలు కనపడవు. రోజూ అన్నాలయ్యాక అడుగుతుంది.

"ఎవురన్నా రాసిండారా, మేమూ కొన్నామని?"

"లేదక్కా."

"ఒక్కరూ?"

"ఒక్కరూ లేరు."

"నాకు తెలుసు," అని తమలపాకుకు సున్నం రాసుకుంటుంది.