ఖాళీగా వచ్చిన స్లెడ్

కనురెప్పల మీద మంచు పేరుకునే చలిలోనూ మా గుండెలకు వెచ్చదనం ఇచ్చిన తండ్రికి స్తోత్రం. దారి మాకు కనబడని చోట కూడా మమ్మల్ని చూస్తూ ఉన్న దేవునికి మహిమ. ఈ సంగతి రాయాలంటే ఇప్పటికీ నాకు వణుకే. అందుకే ముందు ఆయన్ని స్తుతించి మొదలుపెడుతున్నాను.

మేము మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉంటాం. మావారు కార్ల బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. ప్రతి చలికాలం ఉత్తరాన ఉన్న అడవుల దాకా డ్రైవ్ చేసుకుంటూ వెళ్తాం. అక్కడ మంచు మీద కుక్కలు లాగే చక్రాల్లేని బండ్ల, అంటే స్లెడ్ల, పందెం జరుగుతుంది. కుక్కలు జతలు జతలుగా ముందు పరిగెడుతుంటే, వెనక స్లెడ్ కమ్మీల మీద మనిషి నిలబడి రాత్రింబవళ్లు ఆ అడవి గుండా ప్రయాణిస్తాడు. అతన్ని మషర్ అంటారు. పందెం దారి తారురోడ్డును దాటే చోట నేను వాలంటీరుగా నిలబడతాను. కార్లను ఆపడం, చూడవచ్చినవాళ్లకు ఆ ఆట గురించి చెప్పడం నా పని. సండే స్కూల్లో పిల్లలకు కథలు చెప్పే నోరు కాబట్టి అది నాకు కష్టం కాలేదు.

"చెవులతో వెతక్కండి, కళ్లతోనే చూడండి," అని అందరికీ చెప్పేదాన్ని. బయలుదేరే ముందు ఆ కుక్కలు చెవులు చిల్లులు పడేలా అరుస్తాయి. పరుగు మొదలైందంటే ఒక్క అరుపు ఉండదు. చెట్ల మధ్యలోంచి నీడలా వస్తాయి, నీడలా పోతాయి.

ఆ ఏడు మా తెలుగు చర్చి సంఘాన్ని కూడా తీసుకెళ్లాను. నన్ను అడిగింది డెబ్బైకి దగ్గరపడిన ఒక మషర్. "జనం చూడకపోతే మేము కుక్కల్ని కొట్టి పరిగెత్తిస్తామనుకుంటారు. మీ వాళ్లని తీసుకురా," అన్నాడు. వెనక నిలబడి, చీకట్లో కూడా, ఏ కుక్క అడుగు తడబడిందో పట్టేసి పేరు పెట్టి పిలిచే మనిషి. వాటి పేర్లు నాకూ నేర్పాడు.

మధ్యాహ్నం దాటాక మావాళ్లంతా పులిహోర డబ్బాలతో మంచు గట్టు మీద చేరారు. ఆ మషర్ రావాల్సిన వేళయింది. మా పాస్టర్ అయ్యగారు టోపీ తీసి, "ఆయన క్షేమం కోసం ప్రార్థన చేసుకుందాం," అన్నారు.

"షార్ట్ ప్రేయర్ చెయ్యండి అయ్యగారూ," అంది మా సంఘంలో ఒకావిడ. "మీరు ఆమేన్ అనేలోపు రేసే అయిపోతుంది."

"చలికి నా నాలుకే షార్ట్ అయిపోయిందమ్మా, భయపడకు."

నవ్వుకుని అందరూ కళ్లు మూసుకున్నారు. కుక్కలు ఏ క్షణాన వస్తాయో తెలియని దారి పక్కన నిలబడి కళ్లు మూసుకోవడం మావాళ్లకే చెల్లింది. డ్యూటీలో ఉన్నాను కాబట్టి నేను మాత్రం తెరిచే ఉంచాను.

మలుపులో కుక్కలు కనబడ్డాయి. ఆ మషర్‌వే. చప్పుడు లేదు. ఒక్క తీరుగా, ఎవరో నడిపిస్తున్నట్టే వస్తున్నాయి. వెనక స్లెడ్ మీద ఎవరూ లేరు. పట్టుకునే కమ్మీ మలుపుకు తగ్గట్టు కొంచెం ఒరిగి, మళ్లీ నిలబడింది, అక్కడ మనిషి ఉన్నట్టే. అయ్యగారు ఇంకా ఆయన క్షేమం కోసం అడుగుతూనే ఉన్నారు.

"ఏవండీ, స్లెడ్ ఖాళీగా ఉంది," అన్నాను. వదిలేస్తే ఆ కుక్కలు తర్వాతి మజిలీ దాకా ఆగవు. మావారు కళ్లు తెరిచి, పరుగెత్తి, దాటిపోతున్న స్లెడ్‌ను అందుకుని బ్రేకు మీద రెండు కాళ్లతో ఎక్కారు. కొంతదూరం ఈడ్చుకుపోయాయి. నేను ముందుకెళ్లి మొదటి జత పట్టీలు పట్టుకున్నాను. స్లెడ్‌ను కదలకుండా ఆపే ఇనుప కొక్కేన్ని మావారు మంచులోకి దింపారు. కుక్కలు కాసేపు అరిచి, తర్వాత అన్నీ ఒక్కసారే ఊరుకుని, వచ్చిన దారికేసి తిరిగి కూర్చున్నాయి. మేమూ అటే చూస్తూ నిలబడ్డాం. మంచు మీద నడిచే మోటారుబండి, పందెంవాళ్ల స్నోమొబైల్ ఒకటి ఆయన్ని వెతకడానికి అడవిలోకి వెళ్లింది.

ఒకావిడ కాఫీ కప్పుతో వచ్చి, "ఇది కూడా ఆటలో భాగమా?" అని ఇంగ్లీషులో అడిగింది. రోజంతా అందరికీ జవాబులు చెప్పినదాన్ని, ఆవిడను మాత్రం గట్టు మీదికి జరగమన్నాను.

ఆ మషర్ బతికే వచ్చాడు, ప్రభువుకు స్తోత్రం. కొమ్మ తగిలి నుదురు చిట్లింది. స్నోమొబైల్ దిగి నేరుగా కుక్కల దగ్గరికి నడిచాడు. ఒక్కొక్క తల నిమురుతూ పేరు పెట్టి పిలిచాడు. అవి తోకలు ఊపుతూ ఆయన చేతులు నాకాయి. నేను విన్నాను. అందులో ఒక్కటి కూడా వాటి పేరు కాదు.

కుక్కల ట్రక్కుతో అప్పుడే చేరుకున్న ఆయన కూతురు నా పక్కనే ఆగిపోయింది. "అవి నా చిన్నప్పటి కుక్కలు," అంది మెల్లగా. "అన్నీ ఎప్పుడో చనిపోయాయి."

కొన్నాళ్లకు ఆయన దెబ్బ తగ్గింది. ఊరు గుర్తొచ్చింది, ఇల్లు గుర్తొచ్చింది, నేనెవరో కూడా గుర్తొచ్చింది. ఇప్పుడున్న కుక్కలు మాత్రం గుర్తు రాలేదు. ఆయన మళ్లీ పందెంలో దిగలేదు. ఇప్పుడు రోడ్డు దగ్గర నా పక్కనే కుర్చీ వేసుకుని జనానికి కథలు చెబుతాడు. ట్రక్కు పక్కన కట్టేసిన కుక్కను చూపించి, చనిపోయినదాని పేరు చెప్పి, నిన్నగాక మొన్న అది తనని మంచు చెరువు దాటించిందంటాడు. జనం ఫొటోలు తీసుకుంటారు. ఆ పేరుతో పిలిస్తే ఆ కుక్క లేచి ఆయన దగ్గరికి వెళ్తుంది. అది చూసినప్పుడల్లా, పట్టీలు కట్టుకుని నిలబడ్డవి ఏవో, మట్టిలో ఉన్నవి ఏవో నాకు ఒక్క క్షణం తెలియదు.

"ఒకసారి సరిదిద్ది చూడకూడదా?" అని కూతుర్ని అడిగాను.

"చూశాను. వీటి అసలు పేర్లు చెబితే, ఆ పేర్లుగలవాళ్లు ఎవరూ తనకు తెలియరన్నాడు. రాత్రంతా దిగులుపడ్డాడు. ఇక చెప్పను."

సత్యమే చెప్పాలని పిల్లలకు నేర్పేదాన్ని, నేనూ చెప్పడం లేదు. ఆయన కుక్కల్లో, చెవుల వెనక తెల్లమచ్చ ఉన్న ముసలి కుక్క ఈ చలికాలం దాటేలా లేదు. ఆయన్ని ఎక్కువ దూరం లాగింది అదే.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం ఈ ప్రార్థనలో నాతో ఏకీభవించండి. తండ్రీ, నీకు ఏ జీవి పేరూ మరుపు రాదు. ఆ ముసలి కుక్క కన్నుమూసేలోపు, ఒక్కసారైనా, ఆ పెద్దాయన నోట దాని సొంత పేరు పలికించు. ఆమేన్.