గీత పెట్టని వాక్యాలు

మా ఆయన చిత్రకారుల జీవితచరిత్రలు చదివేవాడు. కృష్ణగిరి లైబ్రరీ నుంచి మూడేసి తెచ్చుకుని, నచ్చిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టేవాడు. తెల్లవారక ముందే లేవాలి. బొమ్మ వేసేటప్పుడు ఎవరూ పలకరించకూడదు. ఉద్యోగం చేస్తూ ఉంటే కళ నిలవదు. ఈ మూడో గీత పెట్టిన నెలకే ఫ్యాక్టరీ మానేశాడు.

నేను మానలేదు. మూకండపల్లిలో మాది ఒక గది, ఒక వంటిల్లు. గది ఆయనకు స్టూడియో అయింది, వంటిల్లు నాకు మిగిలింది. కుక్కర్ విజిల్ వేస్తే ధ్యాస చెదురుతోందన్నాడు. అప్పటినుంచి గిన్నెలో అన్నం వార్చి, చప్పుడు కాకుండా తలుపు వేసి, కంపెనీ బస్సు ఎక్కేదాన్ని.

మేమిద్దరం కలిసింది హోసూరులో ఒక డ్రాయింగ్ క్లాసులో. ఆయన కన్నా నా చెయ్యే బాగుందని మాస్టారు అనేవారు. గొప్పకు చెప్పడం లేదు, కడుపు మండి చెబుతున్నాను. పెళ్ళైన కొత్తలో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని వేసేవాళ్ళం. తర్వాత నా రంగుల డబ్బా ఆయన సామాన్లలో కలిసిపోయింది.

ఒక ఆదివారం ఆ పుస్తకాలు నేనూ తిరగేశాను. గొప్పవాళ్ళ దగ్గర నేర్చుకోవాలని నాకు మాత్రం ఉండదా? నేర్చుకున్నాను. ప్రతి పుస్తకంలోనూ ఏదో ఒక మూల, ఆయన గీత పెట్టని వాక్యం ఒకటి ఉంది. భార్య కుట్టుపని చేసి ఇల్లు నడిపింది. చెల్లెలు ఎదురు చెప్పకుండా వండిపెట్టింది. తర్వాత వాళ్ళేమయ్యారో ఏ పేజీలోనూ లేదు. కంపెనీలో నాది చెకింగ్ పని, పనికిరాని పీసు మీద ఎర్ర మార్కర్‌తో గీత పెట్టాలి. ఆ మార్కర్ బ్యాగులోనే ఉంది. అలాంటి వాక్యం కనబడ్డ చోటల్లా కింద గీశాను. లైబ్రరీ పుస్తకం పాడుచేశానని ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. ఏ వాక్యాల కింద గీశానో మాత్రం చూడలేదు.

పోయిన ఏడాది బర్గూరులో ఒక కాలేజీవాళ్ళు ఆయన బొమ్మలు ప్రదర్శనకు పెట్టారు. వచ్చినవాళ్ళకు పంచడానికి తన జీవితం గురించి ఒక పేజీ రాసుకుని, తప్పులుంటే చూడమని నాకిచ్చాడు. నేను చివర్లో ఉన్నాను. ఇంట్లోవాళ్ళ సహకారం మరువలేనిదట. మార్కర్ తీసి దాని కింద గీశాను.

"దీంట్లో తప్పేముండాది?" అన్నాడు.

"నేను గూడా బొమ్మలేసేదాన్ని. ఆ మాట యాడా రాయలేదు నువ్వు."

ఆయనకు కోపం రాలేదు. చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "ఇది నా కత. నీ కత నువ్వు రాసుకో, ఎవురు వద్దన్నారు?"

ఆ మాటే పట్టుకుని ఈ ఆదివారం కూర్చున్నాను. ఆయన ఊళ్ళో లేడు, గది ఖాళీగా ఉంది. నా గురించే రాయాలని మొదలుపెట్టి ఇంతవరకూ వచ్చాను. తప్పులు చూద్దామని మళ్ళీ పైనుంచి చదివితే, మొట్టమొదటి మాటే "మా ఆయన" అని ఉంది. మార్కర్ తీసి దాని కింద కూడా గీశాను.