సులోచనమ్మగారు చీటీ అంటించని పేజీ

పొద్దున అన్నం వార్చిన గంజిని చిన్న డబ్బాలో పోసుకుని ఆఫీసుకు తెచ్చాను. చంద్రపూర్ ఎండకు మధ్యాహ్నానికల్లా పులిసింది. ఆ వాసన తగలగానే మా సీనియరు వకీలు సులోచనమ్మగారు ఎదుటి కుర్చీలో కూర్చున్నట్టే అనిపించింది. ఆవిడ పోయి మూడేళ్లయింది.

ఒక తీర్పును తర్వాత వచ్చిన తీర్పు కొట్టేస్తే, ఆవిడ తీర్పుల పుస్తకంలో పాత తీర్పు పేజీ అంచున గంజితో చీటీ అంటించి, ‘దీని మీద ఇంకోటి వచ్చింది’ అని తెలుగులో రాసేవారు. అద్దె ఇళ్లు, భూముల పట్టాలు, కార్మికుల పరిహారం, ఏ పుస్తకం తీసినా చీటీలే. మరాఠీ బడిలో చదివిన నేను తెలుగు చదవడం వాటి మీదే నేర్చుకున్నాను. “చట్టం ఒక్కపారి రాస్తరు బిడ్డా. అది ఎవల ఇంటికి ఎట్ల పోతదో తీర్పులు చెప్తయి,” అనేవారు.

నేను చేరిన కొత్తలో మాజ్రి నుంచి భాగ్య వచ్చింది. బొగ్గు గనిలో పనిచేస్తూ తండ్రి చనిపోయాడు. కొడుకులు లేరు. మంచం పట్టిన తల్లిని చూసుకునేది ఆమే. తండ్రి ఉద్యోగం తనకు ఇమ్మంటే, పెళ్లైన కూతురికి రాదని కంపెనీ తిప్పి పంపింది. పిటిషన్ రాసే పని సులోచనమ్మగారు నాకు అప్పగించారు. భాగ్య భర్త ఇల్లరికం వచ్చినవాడు. ఆమె పుట్టిన ఇల్లు దాటిందే లేదు. ఆ ముక్క నేను రాయలేదు. నల్లకోటు కొత్త మోజులో, ఇల్లరికం మన ఇళ్లలో మాట్లాడుకునే సంగతి, కోర్టుకెందుకు అనుకున్నాను. సులోచనమ్మగారు నన్ను నమ్మి సంతకం చేశారు.

హైకోర్టులో ఓడిపోయాం. పెళ్లైన కూతురు మరో ఇంటి మనిషి, తండ్రి మీద ఆధారపడినదని అనలేమని తీర్పు. తిరుగు రైల్లో ముగ్గురం ఎదురెదురుగా కూర్చున్నాం. రైలు వరోరా దాటింది.

“ఇల్లరికం సంగతి ఎందుకు రాయలే?” అని సులోచనమ్మగారు నెమ్మదిగా అడిగారు.

“మన ఇండ్లల్ల ముచ్చట గదా మేడం, కోర్టుల చిన్నతనమైతదనుకున్న.”

“ఇంట్ల ముచ్చట చెప్పకపోతివి. జడ్జికెట్ల తెలుస్తది? ఇగ ఈ తీర్పు భాగ్యతోని ఆగది. అందరు బిడ్డల మీద పడ్తది.”

భాగ్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “నేను ఓడిపోతే అందరు ఓడిపోయినట్టేనా వకీలమ్మా?”

నేను ఏడ్చాను. సులోచనమ్మగారు భాగ్య చెయ్యి పట్టుకుని, “తప్పు నాది. సంతకం నాది,” అన్నారు. భాగ్య మాజ్రిలో దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఆవిడ అన్నట్టే అయింది. ఆ తీర్పు అచ్చయిన పేజీ చూపించి ఎందరో కూతుళ్ల దరఖాస్తులు వెనక్కి పంపారు. బార్ రూములో ‘సులోచనమ్మ ఓడిన కేసు’ అనేవారు. ఆవిడ ఒక్కనాడూ నా పేరు చెప్పలేదు. అంతకంటే నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఎవరు వచ్చినా కాగితాలు పక్కన పెట్టించి, “ముందుగాల ఇంట్ల పొయ్యి ఎవలు ముట్టిస్తున్నరో అడుగు,” అనేవారు.

విసాపూర్ నుంచి అలాంటి కూతురే మరొకతె వచ్చినప్పుడు అదే అడిగాను. ఆ ఇల్లు ఎలా నడుస్తోందో మొదటి పేరాలోనే రాశాను. కేసు పెద్ద బెంచికి వెళ్లింది. పాత తీర్పు చెల్లదని, పెళ్లితో కూతురు పరాయిదైపోదని నిన్న చెప్పారు.

భాగ్యకు ఫోన్ చేశాను. ఉద్యోగానికి ఆమె వయసు ఎప్పుడో దాటిపోయింది. అంతా విని, “గెలుపు గూడ అందరిదేనా వకీలమ్మా?” అంది.

“అందరిదే,” అన్నాను. నీది తప్ప అనే మాట అనలేకపోయాను.

“పోనీ తియ్యి. అందరికైనా అయింది,” అంది.

సులోచనమ్మగారి పాత తీర్పుల సంపుటంలో భాగ్య కేసు పేజీ తీశాను. ఆ పేజీలో వకీలుగా ఆవిడ పేరు ఒక్కటే ఉంది. ‘దీని మీద ఇంకోటి వచ్చింది’ అని నా వంకర తెలుగులో చీటీ రాసి, పొద్దున తెచ్చిన గంజితో అంటించాను. దాని కింద, ‘మొదటి కేసులో తప్పు నాది’ అని రాసి సంతకం పెట్టాను.