అత్త చేతి జడ్డిగం

విత్తనాలు వేసే గొర్రు మీద గిన్నెలాంటి కర్రముక్క ఒకటి ఉంటుంది. దాన్ని జడ్డిగం అంటాం. అడుగున మూడు రంధ్రాలు, వాటి కింద మూడు వెదురు గొట్టాలు. మగవాళ్లు ముందు ఎడ్లను తోలుతుంటే ఆడవాళ్లు వెనకాల నడుస్తూ పిడికిట్లోంచి గింజలు జారవిడుస్తారు. మూడు సాళ్లలోనూ సమంగా పడాలి. తప్పు చేస్తే దాచుకోలేం. పది రోజులకు మొలకలే ఊరందరికీ చెప్పేస్తాయి.

నేను చిట్యాల దగ్గరి ఊరికి కోడలిగా వచ్చింది అరవయ్యో దశకం మొదట్లో. మా ఇంట్లో ఉన్న జడ్డిగం మా అత్తకు వాళ్ల అత్త ఇచ్చింది. తుమ్మమొద్దు తొలిచి చేసింది. నల్లబడి, నెర్రె విచ్చినచోట ఇనుపపట్టీతో ఉండేది. మొదటేడు అత్త పక్కన ఉండి నాతో కొన్ని సాళ్లు వేయించింది. నాకది బొత్తిగా నచ్చలేదు. నేను పొట్టిదాన్ని. అంచు ఎత్తై మణికట్టు ఒరుసుకుపోయేది. పుట్టింట్లో గొర్రు వెనక నడిచినదాన్నేనని గొప్పలు చెప్పుకున్న నోటితో ఆ మాట ఎట్లా చెప్పను?

మరుసటేడు జొన్నలు వేసే పని మొత్తం నాకు అప్పజెప్పారు. మా ఎర్రనేల చెలకలో పండే జొన్నలే ఏడాది పొడుగునా మా తిండి. మా ఆయనను సతాయించి చిట్యాల అంగట్లో రేకు జడ్డిగం తెప్పించుకున్నాను. తళతళలాడేది, చేతికి తేలిక. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "జర పైలం పిల్లా" అని జాగ్రత్త మాత్రం చెప్పింది.

మధ్యాహ్నం కాకముందే దాని అడుగున అతుకు విడిపోయింది. గింజలు పక్కకు రాలుతున్నాయి. కొంగు చింపి ఆ సందులో కుక్కాను. ఎడ్లను ఆపమంటే నా పరువు పోతుందని ఆపమనలేదు. సాయంత్రం విప్పి చూస్తే ఆ గుడ్డముక్క జారి ఒక రంధ్రానికి అడ్డం పడి ఉంది. మధ్యాహ్నం నుంచీ గింజలన్నీ మిగతా రెండింట్లోకే పోయాయి. రేకుదాన్ని గడ్డివాములో దాచేసి, తెల్లారి కర్రదాన్నే బిగించుకున్నాను. అత్త చూసింది. అడిగి తిట్టినా బాగుండేది. ఆ పది రోజులూ పొద్దున్నే చెలకకు పోయి మొలకలు వచ్చాయేమోనని చూసొచ్చేదాన్ని.

మొలకలు వచ్చాయి. రెండు పచ్చటి సాళ్లు, ఒకటి ఖాళీ. మళ్లీ రెండు, మళ్లీ ఖాళీ. అదీ బాట పక్కనున్న చెలకలో. పుట్టింటికి పంపించేస్తారనే అనుకున్నాను. అత్త దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పి ఏడ్చాను.

"ఏడ్వకు. నేను కొత్తల వచ్చినప్పుడు గిట్లనే ఆగం చేసిన" అన్నది. "గీ కర్రదాని ఎడమ రంధ్రంల గింజలు ఇరుక్కుంటుండె. గా తర్వాతనే మా అత్త దాన్ని పెద్దగ తొలిపిచ్చింది. ఇగ ఖాళీ సాళ్లల్ల కందులు పెడదాం. ఎవ్వలన్న అడిగితే కావాలెనని ఇడిసినమని చెప్పు."

మా ఆయన నాగలితో ఖాళీ సాళ్లు తీస్తుంటే అత్తా నేనూ వెనకాల కందులు వేశాం. అప్పుడు చూసింది నా మణికట్టు మీద చెక్కు కట్టిన పుండును.

"గిదేందే?"

"అంచు ఎత్తైతాంది అత్తా."

"గా ముక్క ముందుగాల్నే చెప్పద్దా పిచ్చిదానా? కర్రనే గద, చెక్కిపిచ్చుకుందుము!"

ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని వడ్రంగం చేసే వడ్లాయన దగ్గరికి నడిచింది. నేను పిడికిలి పెట్టి చూపిస్తుంటే ఆయన అంచును రెండు వేళ్ల మందం చెక్కాడు. రేకుదాన్ని మా ఆయన అంగడికి తీసుకుపోతే, ఇది మళ్లీ అతకదు, కొత్తది తీసుకొమ్మన్నారట.

ఇప్పుడూ అదే మాట వింటున్నాను. పోయిన నెల మిక్సీ పాడైతే బాగుచేసే ఆయన విప్పి కూడా చూడకుండా పారెయ్యమన్నాడు. ఒళ్లు మండింది. ఈ వస్తువుల్లో ఒక్కటీ నా చెయ్యి ఎంతుందో అడగదు. ఆ జడ్డిగం మాత్రం ముగ్గురు ఆడవాళ్ల చేతులకూ తగ్గట్టు సర్దుకుని పనిచేసింది. దానికీ, దాన్ని నా కోసం చెక్కించిన అత్తకూ ఈ వయసులోనూ మనసులో దండం పెట్టుకుంటాను.

ఆ ఏడు జొన్నలు తక్కువే వచ్చినా కందులు బాగా కాసి మమ్మల్ని ఆదుకున్నాయి. మరుసటేడు మళ్లీ మిరుగు వానలు, అవే మృగశిర కార్తె వానలు, పడ్డాయి. అత్త జడ్డిగాన్ని గొర్రు మీద బిగించి, జొన్నలు నా ఒళ్లో పోసింది. ఈసారి పక్కనే నడుస్తుందనుకున్నాను. "నాకు ఇంట్ల పనున్నది" అంటూ ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని బాట పట్టింది. ఎట్లా వేస్తున్నానో చూడటానికి గట్టు మీద కూడా నిలబడలేదు.