పత్తిగింజల పాలకొండ

ఈరోజు పశువుల దాణా అంగడి ముందు పత్తిగింజల వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి. ఆదోని జిన్నింగు మిల్లుల పక్కన పెరిగినవాళ్లారా, ఆ గింజల గుట్టలు గుర్తున్నాయా? అమ్మ మిల్లులో పనిచేస్తుంటే నేనూ, చెల్లెలు రూతమ్మా బయట ఒక లోకం కల్పించుకున్నాం. అందులో ఆ గుట్టే పాలకొండ. శిఖరం ఎక్కినవాళ్లకు ఇక ఆకలి ఉండదు.

"అక్కా, కాళ్లు దిగబడతాండాయి," అనింది రూతమ్మ సగం ఎక్కి.

"నమ్మకం లేనోళ్లే దిగబడతారు. ఎక్కు పాపా!" అని కింద నుంచి అరిచాను. ఆదివారం బడిలో నేర్చిన ధైర్యం అది.

గుట్ట జారింది. కూలీలు చేతులతో తవ్వి తీసేసరికి రూతమ్మ నోటి నిండా గింజలే. ఊపిరి లేదు. తనంతట తానే ఎక్కిందని అమ్మకు చెప్పాను.

నలభై ఏళ్లుగా ఊరూరా సువార్త సభల్లో నరకాగ్ని గురించి గొంతు చించుకుంటున్నాను. విశ్వాసముంటే కొండ కదులుతుందన్న వాక్యం దగ్గర మాత్రం పేజీ తిప్పేస్తాను. నా కొండ కదిలింది.