తాలింపు పరీక్షలో నెగ్గిన బండి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ వస్తువు కొనాలన్నా కంప్యూటరు ముందు కూర్చుని, పది వీడియోలు చూసి, ఒక పట్టిక తయారుచేస్తే సరైనదేదో దానంతటదే తేలిపోతుందని. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. ఇంట్లోంచే పని. వినుకొండ అవతల మా ఊళ్ళో, మిరపకాయల బస్తాలు పేర్చిన వసారాలో ఒక మూల బల్ల వేసుకుని, ఎక్కడో ఉన్న కంపెనీ వాళ్ళ ప్రోగ్రాముల్లో తప్పులు వెతికేదాన్ని. మీటింగులో నేను ఇంగ్లీషు దంచుతుంటే వెనకనుంచి మా గేదె కూడా తన అభిప్రాయం చెప్పేది. అయినా సరే, ఇంట్లో నలుగురిలో లోకం తెలిసింది నాకొక్కదానికే అనుకునే వయసు. (ఇప్పుడా నమ్మకం లేదు. పట్టికలు మాత్రం ఇంకా తయారుచేస్తూనే ఉన్నాను.) ఆ ఊపులోనే మా కుటుంబానికి ఒక క్యాంపింగ్ బండి కొనాలన్న బుద్ధి పుట్టింది.

కారణం మా అమ్మ. పెళ్ళయి ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ సరదా కోసం బయట ఒక్క రాత్రి గడపలేదు. ఎవరి పెళ్ళికెళ్ళినా భోజనాలవగానే చెయ్యి కడుక్కుని బస్సెక్కేది. సముద్రం మాకు మూడు గంటల దూరం. దాన్ని ఒకే ఒక్కసారి చూసింది, మా పెద్దమ్మ అస్థికలు కలపడానికి వెళ్ళినప్పుడు, అదీ ఓ గంటసేపు. ఒకరోజు మిరపకాయల తొడిమలు తీస్తూ, "సముద్రం పక్కన పొద్దు పొడవడం చూడాలనుందే ఎప్పటికైనా" అంది. అమ్మ నోట "నాకు ఇది కావాలి" అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. వెంటనే సింగరాయకొండ దగ్గర ఒక లాడ్జి చూశాను. "లాడ్జీనా? పరాయి పక్క మీద నా వీపు ఆనదే తల్లీ! ఆ దుప్పట్ల మీద ఎవరెవరు పడుకున్నారో ఏమో" అని ఒక్క మాటతో కొట్టిపారేసింది. సరే, మన పక్క మనమే తీసుకెళ్దామనుకున్నాను. అక్కడ మొదలైంది నా ఎనిమిది నెలల చాకిరీ.

జీపు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఈ ఇళ్ళబళ్ళు మూడు రకాలని వీడియోలు చూసి తెలుసుకున్నాను. మొదటిది నాలుగు వైపులా రేకు గోడలున్న పూర్తి పెట్టె. రెండోది చక్రాల మీద మడతపెట్టిన గుడారం. మూడోది హైబ్రిడ్: మధ్యలో వంటకీ సామానుకీ గట్టి పెట్టె ఉంటుంది, రెండు చివరలా సొరుగులు లాగినట్టు లాగితే గుడ్డ కప్పుతో రెండు మంచాలు బయటికొస్తాయి. నా పట్టికలో నలభై గళ్ళు. బరువు, ఎత్తు, నీళ్ళ ట్యాంకు, జిప్పుల సంఖ్య, దోమతెర రంగు. రోజుకొక గడి పెరిగేది గానీ నిర్ణయం మాత్రం అంగుళం కదిలేది కాదు. నాన్న ఒకసారి నా భుజం మీంచి తొంగిచూసి, "బయట పడుకోవడానికి బండెందుకమ్మా? ఏటా నెలరోజులు కల్లంలో పడుకుంటూనే ఉన్నాంగా" అన్నాడు. కల్లమంటే మేం మిరపకాయ ఆరబోసే చోటు. కాయ ఎండేదాకా ఇంటిల్లిపాదీ అక్కడే కాపలా.

"అది కాపలా నాన్నా. ఇది క్యాంపింగ్" అన్నాను, ఓపిక తెచ్చుకుని.

"తేడా ఏంటి?"

"సరదా! ఇందులో సరదా ఉంటుంది."

నాన్న "కల్లంలో కూడా బానే ఉంటుందిగా" అనేసి గేదెకి గడ్డి వెయ్యడానికి వెళ్ళిపోయాడు. ఇలాంటి వాళ్ళతో ఏం చెయ్యగలం చెప్పండి?

చివరికి విషయం మా పెదనాన్న చెవిన పడింది. పెద్దమ్మ పోయినప్పటి నుంచి ఆయన మాతోనే ఉంటున్నాడు. మా ఇంట్లో అగ్గిపెట్టె దాటి ఏది కొనాలన్నా ఆయన చూడాల్సిందే. ఆయనదొకటే సిద్ధాంతం. "మూటలో పైకాయ అందరికీ ఎర్రగానే ఉంటది. చెయ్యి భుజందాకా దూర్చి అడుగుకాయ తీసి చూడాలి." పుచ్చకాయలకీ, పెళ్ళి సంబంధాలకీ, నా ఫోనుకీ కూడా ఇదే సూత్రం. (నా ఫోను వెనక మూత ఊడదీయించబోతే దుకాణం వాడు చేతులు జోడించాడు.) "కంప్యూటర్లో చూపించేవన్నీ పైకాయలేనమ్మా. పదండి, పోయి చూద్దాం" అని ఒక ఆదివారం పొద్దున అందర్నీ తన జీపెక్కించాడు. పెదకాకాని గుళ్ళో దణ్ణం పెట్టుకుని, హైవే పక్కనున్న షెడ్డుకి చేరాం. అక్కడి మేస్త్రి ఒకప్పుడు టిఫిన్ బళ్ళు తయారుచేసేవాడట. ఇప్పుడు ఈ ఇళ్ళబళ్ళు చేస్తున్నాడు. అదృష్టం కొద్దీ మూడు రకాలూ వరసగా నిలబెట్టి ఉన్నాయి. నేను సంచిలోంచి పట్టిక కాగితాలు తీసేలోపే పెదనాన్న మొదటి బండి కిందకి దూరిపోయాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

ఆ మొదటిది రేకు గోడల పెట్టె. అమ్మకి చూడగానే నచ్చేసింది. తలుపు, గడియ, అలమర, అన్నీ తట్టి చూసింది. "ఇదే ఖాయం చేద్దాం" అంటుందనుకున్నాను నేను. "ముందు తాలింపు వేసి చూడనియ్యి" అంది. పొద్దున్నించీ ఒళ్ళోంచి దించని సంచీలోంచి చిన్న గ్యాస్ పొయ్యి, మూకుడు, నూనె సీసా, పోపులపెట్టె ఒక్కొక్కటే బయటికి తీసింది. ఇంత సామాను గుళ్ళో ప్రసాదం వండడానికి కాబోలనుకున్నాను నేను. మేస్త్రి కంగారుపడ్డాడు. "అమ్మా, ఇంతవరకూ ఎవరూ ఇట్టా..."

"ఇంట్లో వండేది నువ్వా నేనా నాయనా?" అంది అమ్మ. అతను పక్కకి తప్పుకున్నాడు.

ఆవాలు చిటపటలాడాయి. మా సొంత పొలంలో పండిన ఎండుమిరపకాయలు నాలుగు తుంచి పడేసింది. ఆ తర్వాత ఏం జరిగిందో వరస సరిగ్గా గుర్తులేదు. ఉన్నవి రెండు చిన్న కిటికీలు, రెండూ మూసే ఉన్నాయి. ముందు మేస్త్రి బయటపడ్డాడు, తర్వాత నేను, తర్వాత చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, మూకుడు మాత్రం వదలకుండా అమ్మ. పక్కనున్న టైర్ల కొట్టులో వాళ్ళు దగ్గుతూ వచ్చి ఏం తగలబడిందని అడిగారు. నేల రేకులో ఏ కంతలోంచి కిందికి దిగిందో గానీ ఘాటు పెదనాన్నని కూడా పట్టుకుంది. బండి కింద రెండు తుమ్ములు, వాటి వెంట రేకుకి తల కొట్టుకున్న చప్పుడు వినిపించాయి. "అడుగు కూడా బాలేదు!" అని అక్కణ్ణుంచే తీర్పు చెప్పాడు.

రెండోదైన గుడారం బండి దగ్గర ఘాటు లేదు గానీ, గాలికి పొయ్యే వెలగలేదు. పైగా జిప్పు లాగి చూసి, "కుక్క వస్తే?" అంది అమ్మ. మూడోది హైబ్రిడ్. రెండు వైపులా మంచాలు లాగి, గుడ్డ తెరలెత్తి, మధ్యలో పొయ్యి పెట్టింది. ఘాటు ఇటునుంచి అటు హాయిగా వెళ్ళిపోయింది. మేస్త్రి ఒక్కసారి కూడా దగ్గలేదు. "ఇది నెగ్గింది" అంది అమ్మ. అంతే. ఎనిమిది నెలలుగా నలభై గళ్ళతో నేను తేల్చలేనిదాన్ని నాలుగు మిరపకాయలు తేల్చేశాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. పట్టిక తీసి చూపించబోతే నాన్న దాంట్లో కొంచెం చింపి మూకుడు తుడిచాడు.

ఇక అయిపోయిందనుకుంటే పెదనాన్న దుమ్ము దులుపుకుంటూ వచ్చి, "ఏమయ్యా మేస్త్రీ, దీనికి వాకిలి ఎటు?" అన్నాడు.

"ఎటు ఆపితే అటే బాబాయ్."

పెదనాన్న మొహం వెలిగిపోయింది. "అయితే ఏ ఊరెళ్ళినా మనది తూర్పు వాకిలే!" అని అక్కడికక్కడే మాట ఖాయం చేశాడు.

బండి ఇంటికొచ్చేసరికి కోతలు మొదలయ్యాయి. కాయంతా కోల్డ్ స్టోరేజీకి చేరాక, ఉగాది దాటాక వెళ్దామనుకున్నాం. దానికి పట్టా కప్పి కల్లం పక్కన నిలబెట్టాం. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. కల్లం నిండా ఎండిన కాయ. తడిస్తే తెల్లబారి, ధర పలకని తాలుకాయ కింద పోతుంది, ఏడాది కష్టం మీద నీళ్ళు పోసినట్టే. పట్టాలు సగం కాయకే సరిపోయాయి. ఊళ్ళో ట్రాక్టర్లన్నీ ఎవరి కల్లంలో వాళ్ళవి. అందరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుంటుంటే, "బండిలో పోద్దాం!" అని అరిచిందెవరో తెలుసా? నేనే. పెదనాన్న కూడా ఒక్క క్షణం తటపటాయించాడు గానీ నేను ఆగలేదు. పెట్టె నిండా గంపలకొద్దీ కాయ పోశాం. తలుపు మూసి వీపు ఆనించి నిలబడి, "చూశారా ఎంత పట్టిందో!" అని గొప్పలు కూడా పోయాను. వాన నాలుగు చినుకులు రాల్చి, మా మీద ఏ పట్టింపూ లేనట్టు వెళ్ళిపోయింది. కాయ దించేశాం. నేల ఊడ్చి, రెండుసార్లు తడిగుడ్డతో తుడిచాను. ఇంట్లో ఎవరికీ ఏ వాసనా రాలేదు. ఏడాది పొడుగునా మిరప మధ్య బతికేవాళ్ళకి మిరప వాసన ఎక్కడ తెలుస్తుంది? మడతలో ఉన్న పరుపులు ఎత్తి కింద చూడాలన్న ఆలోచన, అడుగుకాయ పాఠం చెప్పే పెదనాన్న ఉన్న ఇంట్లో, ఒక్కరికి కూడా రాలేదు.

అనుకున్నట్టే ఉగాది దాటాక బయల్దేరాం. పక్కింటివాళ్ళు గేదె పాలు పితుకుతామన్నారు. సింగరాయకొండ దాటి, సముద్రం ఒడ్డున సరుగుడు తోపు పక్కన బండి ఆపాం. (తూర్పు వాకిలి కోసం పెదనాన్న మూడుసార్లు ముందుకీ వెనక్కీ నడిపించాడు.) సాయంత్రం చల్లబడుతోంది. అమ్మ అలల్లో పాదాలు తడుపుకుంటూ చాలాసేపు నిలబడింది. నేను గర్వంగా మంచాలు బయటికి లాగి, పరుపులు పరిచి, నాలుగుసార్లు గట్టిగా దులిపాను. దులపకుండా ఉన్నా బాగుండేది. మడతల్లో ఇరుక్కున్న గింజలూ కాయపొడీ ఒక్కసారిగా లేచాయి. ఉప్పుగాలికి మా ముక్కులకి కొత్తగా ప్రాణం వచ్చిందేమో, పుట్టిన దగ్గర్నుంచీ మిరప పీల్చి బతికిన మేం నలుగురం ఆగకుండా తుమ్మడం మొదలుపెట్టాం. నాన్న పరుపు మీద వాలి ఒక్క ఉదుటున లేచాడు. "మంట! వీపంతా మంట!" తెరలన్నీ ఎత్తాం, జిప్పులన్నీ తెరిచాం. తాలింపు పొగైతే పోతుంది గానీ పరుపులోకి దిగిన పొడి ఎక్కడికి పోతుంది?

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. "నా వల్లే. అంతా నా వల్లే. ఇంటికి పోదాం పదండి" అన్నాను. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ (ఏడుపు కాదు, మిరప) పెదనాన్న వైపు తిరిగింది. "బావగారూ, జీపులో కొత్త పట్టా ఉందా?" ఆయన పట్టా లేకుండా పొలిమేర దాటడు. మడత విప్పనిది ఒకటి తెచ్చి ఇచ్చాడు. అమ్మ దాన్ని ఇసకలో పరిచి, జీపులోంచి ఇంటి దుప్పట్లు తెచ్చి వేసి, నాలుగు అంచులకీ నాలుగు చెప్పుల జతలు బరువు పెట్టింది. అచ్చం కల్లంలో లాగానే. అన్నాలు తిని వరసగా పడుకున్నాం. "చెప్పానా, బానే ఉంటుందని" అన్నాడు నాన్న. నేను దుప్పటి ముసుగు పెట్టుకున్నాను.

తెల్లవారుజామున అలారం మోగకముందే లేచి కూర్చున్నాను. ఎనిమిది నెలలు తంటాలు పడింది ఈ ఒక్క పొద్దు కోసమే. ఆకాశం ఎర్రబడుతోంది. అమ్మ భుజం మీద చెయ్యి వెయ్యబోయాను. నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. "లేపకమ్మా" అన్నాడు, గుసగుసగా. అప్పుడు చూశాను. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అమ్మ నిద్రపోతూ ఉండగా నేను చూడలేదు. నేను పడుకునేసరికి ఆవిడ పనిలో ఉండేది, లేచేసరికీ పనిలోనే ఉండేది. చెంప కింద చెయ్యి పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, చిన్నపిల్లలా నిద్రపోతోంది. సూర్యుడు వచ్చాడు, నీళ్ళన్నీ ఎర్రగా చేశాడు, పైకెక్కాడు. ముగ్గురం చూశాం. ఎవరి కోసం వచ్చామో ఆవిడ మాత్రం చూడలేదు. ఎండ మొహం మీద పడ్డాక ఉలిక్కిపడి లేచింది.

"అయ్యో, పొద్దెక్కిందే! లేపొద్దూ?" అని నన్ను కేకలేసి, అంతలోనే ఒళ్ళు విరుచుకుంది. "ఎంత నిద్ర పట్టిందే అమ్మాయ్" అంది.

ఆ బండి ఇప్పుడు మా కల్లం పక్కనే ఉంటోంది. కాపలా రోజుల్లో మా వంట అందులోనే. పరుపులు మూడుసార్లు మార్చాం, అయినా తలుపు తీస్తే ఒక తుమ్ము తప్పదు. నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు, వాళ్ళ కోసం గుడారాల పట్టిక ఒకటి తయారవుతోంది, అరవై గళ్ళకి చేరింది. మొన్న అమ్మ దాన్ని చూసి నవ్వి, "అవన్నీ ఎందుకుగానీ, పట్టా వేసుకుని ఇంకోసారి సముద్రానికి పోదాం. పొద్దు పొడవడం నేనింకా చూడలేదుగా. ఈసారి లేపుతావా?" అంది.

లేపుతానని మాటిచ్చాను. లేపనని నాకు తెలుసు. ఆవిడ నవ్వు చూస్తే, ఆవిడకీ తెలుసనిపించింది.